ఎంటమాలజీయా, వైల్డ్‌లైఫ్ కన్జర్వేషనా? యూనివర్సిటీలో ఏది తీసుకోవాలి

చిన్నప్పుడు పురుగుల వెంటపడి తిరిగినవాళ్లూ, పులుల ఫొటోలు గోడకు అంటించుకుని పెరిగినవాళ్లూ యూనివర్సిటీ దరఖాస్తు నింపే వేళకు ఒకే చోట ఆగిపోతారు. కీటక శాస్త్రంలో (ఎంటమాలజీ) చేరాలా, వన్యప్రాణి సంరక్షణలో చేరాలా? లేక మామూలు జువాలజీ తీసుకుని తర్వాత సంగతి తర్వాత చూసుకోవాలా? బ్రోషర్లు తిరగేస్తే ఏమీ తేలదు. అన్నిటి అట్టమీదా ఎవరో ఒకరు బైనాక్యులర్లు మెడలో వేసుకుని నవ్వుతుంటారు. లోపల చదువు మాత్రం వేరు, చదువయ్యాక రోజూ చేసే పని ఇంకా వేరు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఏదో ఒకదాని మీద మనసు గట్టిగా ఉన్నవాళ్లకు సలహా అక్కర్లేదు. ఎటూ తేల్చుకోలేనివాళ్లు మాత్రం డిగ్రీకి జువాలజీ, ఎకాలజీ లాంటి విశాలమైన కోర్సులో చేరి, చివర్లో చేసే ప్రాజెక్టును కీటకాల మీద పెట్టుకోవడం మేలు. రేపు ఏనుగుల కోసం పనిచేయాలనుకునేవాళ్లకైనా నేనిదే చెబుతాను.

కోర్సు పేరు చూసి మోసపోవద్దు

ఎంటమాలజీ పేరుతో నేరుగా బ్యాచిలర్స్ డిగ్రీ ఇచ్చే యూనివర్సిటీలు ప్రపంచం మొత్తం వెతికినా తక్కువే. ఎక్కువచోట్ల అది పీజీలో మొదలవుతుంది. అదీ రెండు వేర్వేరు గూళ్లలో ఉంటుంది. ఒకటి వ్యవసాయ విభాగం. అక్కడ పంటను తినే పురుగు, ఆ పురుగును తినే పురుగు, మందులకు లొంగకుండా తయారైన పురుగు, ఇవే ప్రధానం. రెండోది జీవశాస్త్ర విభాగం. అక్కడ వర్గీకరణ, పరిణామం, ప్రవర్తన, జీవావరణం నేర్పుతారు. సర్టిఫికెట్ మీద రెండింటికీ ఒకే పేరు ఉండొచ్చు గానీ ఆ రెండు సిలబస్‌లనూ పక్కపక్కన పెట్టి చూస్తే కలిసే పేపర్లు కొన్నే కనిపిస్తాయి.

వ్యవసాయ ఎంటమాలజీ అంటే సంరక్షణ వైపు తలుపు మూసుకున్నట్టే అనుకుంటారు చాలామంది. అది నిజం కాదు. అట్లాంటిక్ మధ్యలోని సెయింట్ హెలీనా దీవిలో గమ్‌వుడ్ అనే చెట్టుంది. ప్రపంచంలో ఇంకెక్కడా పెరగదు. బయటి నుంచి వచ్చిపడ్డ ఒక రసంపీల్చే పురుగు దాన్ని నిలువునా ఎండబెట్టేస్తుంటే, 1993లో ఆ పురుగును మాత్రమే ఏరుకుని తినే ఒక అక్షింతల పురుగును తెచ్చి వదిలారు. చెట్లు బతికాయి. ఒక పురుగును ఇంకో పురుగుతో అదుపు చేసే ఈ విద్య తోటల్లో పుట్టిందే. 1888లో కాలిఫోర్నియా నారింజ తోటల్ని పొలుసు పురుగు నుంచి కాపాడటానికి ఆస్ట్రేలియా నుంచి వెడాలియా అనే అక్షింతల పురుగును తెప్పించారు. అక్కడ నేర్చిన పాఠమే వందేళ్ల తర్వాత అంతరించిపోతున్న ఒక చెట్టుకు పనికొచ్చింది.

ఇక వైల్డ్‌లైఫ్ కన్జర్వేషన్ కోర్సులో జీవశాస్త్రం ఒక భాగం మాత్రమే. జంతువుల సంఖ్య ఎందుకు పెరుగుతుంది, ఎందుకు తగ్గుతుంది, ఆవాసాన్ని ఎలా చూసుకోవాలి, జన్యు వైవిధ్యం ఎంత మిగిలింది అన్నవి ఒకవైపు. చట్టాలు, అంతర్జాతీయ ఒప్పందాలు, మ్యాపింగ్, అడవి అంచున బతికే మనుషుల జీవనోపాధి ఇంకోవైపు. కీటకాలకు ఇందులో దక్కే చోటు చాలా కోర్సుల్లో ఒకటి రెండు లెక్చర్లే. ఇది కాస్త వింతగానే ఉంటుంది. శాస్త్రవేత్తలు ఇప్పటిదాకా పేర్లు పెట్టిన కీటకాలు సుమారు 10 లక్షల జాతులు, క్షీరదాలు ఆరున్నర వేల దగ్గర. సిలబస్‌లో మాత్రం లెక్క తిరగబడి ఉంటుంది.

మరి రోజు ఎలా గడుస్తుంది?

ఎంపికలో అసలు తేల్చాల్సింది ఇదే అని నా నమ్మకం. ఏ జీవి ఇష్టం అన్నది ఆ తర్వాతి మాట.

కీటకాలవైపు వెళ్తే ఫీల్డ్‌లో గడిపే ప్రతి గంటకూ ల్యాబ్‌లో అనేక గంటలు చెల్లించాలి. ఉదాహరణకు పిట్‌ఫాల్ ట్రాప్, అంటే నేల మీద పాకే పురుగులు జారిపడే ఉచ్చు. ప్లాస్టిక్ గ్లాసు అంచు సరిగ్గా నేలమట్టానికి వచ్చేలా పాతిపెడతారు. అంచు కొంచెం పైకి ఉన్నా చీమలు, నేల పురుగులు చుట్టూ తిరిగి వెళ్లిపోతాయి. కొన్ని రోజులకు తీస్తే అడుగున టీ డికాక్షన్ రంగు నీళ్లు, మట్టి, ఆకు ముక్కలు, వాటి మధ్య నల్లగా ఏవేవో. దాన్ని వడకట్టి, కడిగి, ఆల్కహాల్‌లోకి మార్చి, తెల్లటి ట్రేలో పోసి మైక్రోస్కోప్ కింద విడదీయాలి. చీమలొక సీసాలోకి, సాలీళ్లు ఒక సీసాలోకి, పెంకు పురుగులు ఇంకో సీసాలోకి. అక్కడితో అయిపోలేదు. రెండు పెంకు పురుగులు పైకి అచ్చంగా ఒకేలా ఉంటాయి. అవి ఒకే జాతా, వేరా అని తేల్చడానికి మగ పురుగు జననాంగాలను బయటికి తీసి చూడాల్సిన పరిస్థితి మామూలే.

పిన్ను గుచ్చడానికి కూడా ఒక పద్ధతుంది. పెంకు పురుగుకు పిన్ను నడిమధ్యలో గుచ్చరు, కుడి రెక్క మీద గుచ్చుతారు. అలా చేస్తే మధ్య గీత దగ్గరి గుర్తులు చెడవు, ఎడమవైపు మొత్తం చెక్కుచెదరకుండా మిగులుతుంది. దాని కింద చిన్న కాగితం మీద ఎక్కడ దొరికింది, ఏ తేదీన, ఎవరు పట్టారు అని రాస్తారు. ఆ కాగితం లేకపోతే ఎంత అందమైన పురుగైనా శాస్త్రానికి దాదాపు దండగ. ఇలాంటి పని గంటలకొద్దీ చేస్తున్నప్పుడు కాలం తెలియకుండా గడిచిపోయే మనుషులుంటారు. అరగంటకే కుర్చీలోంచి లేచిపోవాలనిపించే మనుషులూ ఉంటారు. మీరు ఏ కోవకు చెందుతారో దరఖాస్తు చేసే ముందే తెలుసుకోవడం సులువు. దగ్గర్లో ఏ కాలేజీ ల్యాబ్‌లోనైనా అనుమతి అడిగి, ఒక పూట సార్టింగ్‌కు కూర్చుని చూడండి.

వన్యప్రాణులవైపు వెళ్తే రోజూ జంతువుల్ని చూడొచ్చనుకునేవాళ్లకు మొదటి నిరాశ త్వరగానే ఎదురవుతుంది. చదివే జంతువు కంట పడటం అరుదు. దాని పెంటిక, అడుగుజాడ, చెట్టు బెరడుకు అంటుకున్న వెంట్రుక, ఇవే చేతికి దొరికేవి. ఎదుట ఏదైనా కదిలితే తానే ఫొటో తీసే కెమెరా ట్రాప్ నుంచి కార్డు తెచ్చి కంప్యూటర్‌లో పెడితే ముందుగా కనిపించేవి గాలికి ఊగిన గడ్డి ఫొటోలు. వాటిని వందల్లో, ఒక్కోసారి వేలల్లో దాటాక ఒక జంతువు. పులుల విషయంలో ఆ ఒక్క ఫొటో చాలా విలువైనది. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు కాబట్టి, ఏ పులి ఎన్నిసార్లు కెమెరాకు చిక్కిందన్నదాన్ని బట్టి మొత్తం ఎన్ని ఉండొచ్చో అంచనా కట్టవచ్చు. 1990లలో కర్ణాటకలోని నాగరహొళె అడవిలో వన్యప్రాణి శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ ఈ పద్ధతిని పులులకు వర్తింపజేసి చూపించారు. ఇప్పుడది ప్రపంచమంతా వాడే పద్ధతి. చివరికి చూస్తే అదంతా స్టాటిస్టిక్సే.

బ్రోషర్‌లో కనిపించని ఇంకో పని మనుషులతో మాట్లాడటం. పశువును చిరుతకు పోగొట్టుకున్న మనిషి ఎదుట కూర్చుని వినాలి. అనుమతుల కోసం ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరగాలి. మీటింగులో ఒప్పించాలి. జనంతో మాట్లాడటం టెన్షన్‌గా అనిపించేవాళ్లు, మనుషుల నుంచి దూరంగా ఉండొచ్చని ఈ కోర్సు ఎంచుకుంటే చిక్కుల్లో పడతారు. నిజానికి అలాంటివాళ్లకు మ్యూజియం, వర్గీకరణ వైపు ఎంటమాలజీ బాగా కుదురుతుంది.

చంపాల్సి వస్తుంది, ఆ సంగతి ముందే ఆలోచించుకోండి

కీటక శాస్త్రంలో చేరిన కొందరు మొదటి సెమిస్టర్‌లోనే తడబడేది ఇక్కడే. చాలా కోర్సుల్లో విద్యార్థి తానే పట్టి, పిన్ను గుచ్చి, లేబుల్ రాసిన స్పెసిమెన్ల (నమూనా పురుగుల) పెట్టె సమర్పించాలి. అంటే ఇథైల్ అసిటేట్ అనే రసాయనం వేసిన సీసాలోనో, ఫ్రీజర్‌లోనో వాటిని చంపాలి. పురుగులంటే ప్రేమతో వచ్చినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. దాన్ని ఎగతాళి చేసే సీనియర్ల మాట పట్టించుకోనక్కర్లేదు.

ప్రత్యామ్నాయాలు ఉన్నాయి, కానీ అన్నిచోట్లా కాదు. తూనీగల్ని, సీతాకోకచిలుకల్ని చాలావరకు వలలో పట్టి, గుర్తించి, వదిలేయవచ్చు, లేదా ఫొటోతోనే పోల్చుకోవచ్చు. మిల్లీమీటర్ల పొడవుండే పరాన్న కందిరీగల్ని, చిన్న ఈగల్ని అలా గుర్తించడం కుదరదు. ఫొటోలతో చేసిన సేకరణను ఒప్పుకుంటారా అని చేరే ముందే అధ్యాపకుల్ని అడగండి. కొన్నిచోట్ల ఒప్పుకుంటారు.

వన్యప్రాణి సంరక్షణలో చేతికి రక్తం అంటదనుకుంటే అదీ పొరపాటే. ఆస్ట్రేలియాకు చెందిన లార్డ్ హోవ్ దీవి ఉదాహరణ చూడండి. 1918లో ఒడ్డుకు చిక్కుకున్న ఒక ఓడలోంచి ఎలుకలు దిగాయి. అరచేయంత పొడవుండే అక్కడి కర్రపురుగు కొద్ది ఏళ్లలోనే మాయమైంది. ఇక లేదనుకున్న ఆ పురుగు 2001లో 20 కిలోమీటర్లకు పైగా దూరంలో సముద్రంలోంచి నిట్టనిలువుగా లేచిన బాల్స్ పిరమిడ్ అనే బండ మీద, కొన్ని పొదల్లో దొరికింది. మెల్‌బోర్న్ జూలో దాన్ని పెంచి సంతతిని నిలబెట్టారు. 2019లో దీవి అంతటా ఎర పెట్టి ఎలుకల్ని చంపే కార్యక్రమం జరిగింది. ఒక పురుగును, పక్షుల్ని, మొక్కల్ని కాపాడటానికి లెక్కలేనన్ని ఎలుకల ప్రాణాలు తీయాల్సి వచ్చింది. ఇలాంటి నిర్ణయాల్లో పాలుపంచుకోగలనా అన్నది రెండు కోర్సుల వాళ్లూ వేసుకోవాల్సిన ప్రశ్న.

ప్రాజెక్టు కీటకాల మీదే చేయమని ఎందుకంటున్నానంటే

విద్యార్థి ప్రాజెక్టుకు దొరికే కాలం కొన్ని నెలలే. ఆ కొన్ని నెలల్లో పెద్ద మాంసాహారి మీద పని పెట్టుకుంటే చేతికొచ్చే డేటా ఎంత? ఎక్కువసార్లు, వేరెవరో పదేళ్లుగా సేకరిస్తున్న డేటాలో ఒక మూల మీకిస్తారు. దాన్నే విశ్లేషిస్తారు. అందులో తప్పేమీ లేదు. కానీ ప్రశ్న మీది కాదు, సేకరణ మీది కాదు, ఎక్కడ పొరపాటు దొర్లి ఉంటుందో మీకు తెలియదు. అదే పేడపురుగులో, చీమలో, తూనీగలో అయితే ఒకే సీజన్‌లో ప్రశ్న వేసుకుని, స్థలాలు ఎంచుకుని, వందల కొద్దీ నమూనాలు తెచ్చి, మొదటి నుంచి చివరిదాకా అంతా మీ చేతుల మీదుగా నడిపించవచ్చు. రక్షిత ప్రాంతాల్లో, రక్షిత జాతుల విషయంలో అనుమతులు తప్పనిసరే గానీ, మామూలు పొలంగట్లు, చెరువుగట్లు, పార్కుల దగ్గర పని మొదలుపెట్టడం చాలా తేలిక.

పేరున్న శాస్త్రవేత్తలు చేసిందీ ఇదే. దీవి ఎంత పెద్దదైతే, ఒడ్డుకు ఎంత దగ్గరైతే అంత ఎక్కువ జాతులు నిలుస్తాయన్న సిద్ధాంతాన్ని 1960లలో ఎకాలజీ శాస్త్రవేత్త రాబర్ట్ మెకార్థర్, చీమల నిపుణుడు ఎడ్వర్డ్ విల్సన్ ప్రతిపాదించారు. అభయారణ్యాలు ఎంత విస్తీర్ణంలో ఉండాలి, వాటి మధ్య దారులు ఉండాలా అన్న చర్చలన్నిటికీ మూలం అదే. మరి దాన్ని పరీక్షించేదెలా? ఒక దీవిలోని జంతువులన్నిటినీ ఖాళీ చేసి మళ్లీ వస్తాయేమో చూడటం కుదరదు కదా. విల్సన్, ఆయన విద్యార్థి డేనియల్ సింబర్లాఫ్ ఫ్లోరిడా తీరంలోని బుల్లి మడ చెట్ల దీవుల్ని ఎంచుకున్నారు. వాటిని గుడారంతో కప్పి, విషవాయువు వదిలి, ఉన్న పురుగులన్నిటినీ చంపారు. తర్వాత ఏవేవి తిరిగొస్తున్నాయో లెక్కపెట్టారు. ఏడాది లోపే చాలా దీవుల్లో జాతుల సంఖ్య దాదాపు పాత స్థాయికి చేరింది. ఒడ్డుకు బాగా దూరంగా ఉన్న దీవి వెనకబడింది. పులుల కోసం, ఏనుగుల కోసం అడవుల్ని గీసేవాళ్లు వాడుతున్న ఆలోచనను పరీక్షించింది చీమలతో, సాలీళ్లతో, పెంకు పురుగులతో.

రెండు చదువులూ ఎక్కడ కలుస్తాయో చూడాలంటే మాత్రం నాకు లార్జ్ బ్లూ సీతాకోకచిలుక కథను మించింది కనిపించదు. బ్రిటన్‌లో ఇది తగ్గిపోతోందని గమనించినప్పుడు, పట్టుకుపోయేవాళ్ల వల్లే అనుకున్నారు. కంచెలు వేశారు. ఇంకా తగ్గింది. దీని గొంగళిపురుగు కొద్ది రోజులు థైమ్ అనే మొక్క పూలు తిని నేల మీద పడుతుంది. ఎర్ర చీమలు దాన్ని తమ పిల్లే అనుకుని పుట్టలోకి మోసుకుపోతాయి. అక్కడది నెలల తరబడి చీమల పిల్లల్నే తింటూ పెరుగుతుంది. జెరెమీ థామస్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి వాటి దగ్గరే ఉండి తేల్చిందేమిటంటే, ఏ చీమ పుట్టైనా సరిపోదు. మిర్మికా సాబులేటి అనే ఒక్క జాతి పుట్టలోనే ఇది బాగా బతుకుతుంది. ఆ చీమకు ఎండ తగిలి వెచ్చగా ఉండే నేల కావాలి, అంటే గడ్డి పొట్టిగా ఉండాలి. 1950లలో కుందేళ్లు మిక్సోమాటోసిస్ జబ్బుతో పోయాయి, పశువుల మేత తగ్గింది, కంచెలు మిగతా మేతను కూడా ఆపాయి. గడ్డి పెరిగింది, నేల చల్లబడింది, చీమ పోయింది, దానితో సీతాకోకచిలుకా పోయింది. ఈ సంగతి పూర్తిగా అర్థమయ్యేసరికి ఆలస్యమైపోయింది. 1979లో అది బ్రిటన్‌లో అంతరించిందని ప్రకటించారు. ఆ తర్వాత పచ్చికను సరిచేసి, 1980లలో స్వీడన్ నుంచి తెచ్చి మళ్లీ వదిలారు. ఇప్పుడు ఉంది.

కంచె వేయడం సంరక్షణ అనగానే ఎవరికైనా ముందు తోచే పని. ఏ చీమ అన్నది చెప్పగలిగింది మాత్రం కీటకాల మనిషి.

లెక్కలు తప్పవు

2017లో జర్మనీ నుంచి ఒక అధ్యయనం వచ్చి పెద్ద దుమారమే రేపింది. 63 రక్షిత ప్రాంతాల్లో, 27 ఏళ్లలో, ఎగిరే కీటకాల మొత్తం బరువు 75 శాతానికి పైగా తగ్గిందని దాని సారాంశం. ఆ నమూనాల్ని పట్టింది క్రెఫెల్డ్ ఊరి కీటక ప్రియుల సంఘం, ఎక్కువమంది అమెచ్యూర్లే. అందులో తూచింది బరువును. ఏ జాతులు ఎంత పోయాయన్నది ఆ సీసాల్ని విప్పి గుర్తించగలిగేవాళ్ల చేతుల్లో ఉంది. అన్ని చోట్లా ప్రతి ఏడూ ట్రాప్ పెట్టలేదు కాబట్టి ఆ తగ్గుదలను ఎలా లెక్కించారన్న చర్చ కూడా నడిచింది. ఆ చర్చ అర్థం కావాలంటే స్టాటిస్టిక్స్ రావాలి. రెండు కోర్సుల్లో ఏది ఎంచుకున్నా దాన్నుంచి తప్పించుకోలేరు. లెక్కలకు భయపడి జీవశాస్త్రంలోకి వచ్చినవాళ్లకు ఇది చేదు వార్తే.

ఉద్యోగాలు

ఉన్నదున్నట్టు చెప్పాలంటే ఎంటమాలజీకి దారులు ఎక్కువ: పంటల రక్షణ, దోమల నియంత్రణ, ఓడరేవుల్లో క్వారంటైన్, తేనెటీగలు, నిల్వ ధాన్యం, మ్యూజియంలు, నేర పరిశోధన. వీటిలో చాలా ఉద్యోగాలు సంరక్షణ కాదు, పురుగుల్ని తగ్గించే ఉద్యోగాలే. వైల్డ్‌లైఫ్ వైపు ఇష్టపడేవాళ్లు ఎక్కువ, పోస్టులు తక్కువ. ప్రాజెక్టు ఉన్నంతకాలమే ఉండే కాంట్రాక్టులతో ఏళ్లు గడిచిపోవచ్చు. ప్రభుత్వ అటవీ శాఖలు, స్వచ్ఛంద సంస్థలు, పర్యావరణ ప్రభావాన్ని అంచనా వేసే కన్సల్టెన్సీలు ముఖ్యమైన చోట్లు. వీటిలో కన్సల్టెన్సీలకు మొక్కల్నీ, కీటకాల్నీ గుర్తుపట్టగలిగేవాళ్లు నిజంగా పనికొస్తారు.

సీటు తీసుకునే ముందు

వెబ్‌సైట్‌లో కోర్సు పేరు కాకుండా పేపర్ల జాబితా తెరవండి. స్టాటిస్టిక్స్ ఎన్ని సెమిస్టర్లు ఉంది, ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్, జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపింగ్) నేర్పుతారా, ఫీల్డ్ కోర్సు తప్పనిసరా ఐచ్ఛికమా, దాని ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అని చూడండి. ఎంటమాలజీ అయితే డిపార్ట్‌మెంట్‌కు సొంత కీటక సంగ్రహం ఉందా, దాన్ని చూసుకునే మనిషి ఉన్నారా అన్నది తప్పక అడగాలి. చూసుకునే మనిషి లేని పెట్టెల్లో ఎండిన పురుగుల్ని తినే డెర్మెస్టిడ్ పురుగులు చేరి స్పెసిమెన్లను పొడి చేసేస్తాయి. అలాంటిచోట వర్గీకరణ నేర్చుకోవడం కష్టం. సంరక్షణ కోర్సు అయితే గత రెండు మూడేళ్ల విద్యార్థుల ప్రాజెక్టు శీర్షికలు అడిగి తీసుకోండి. అన్నీ ప్రశ్నావళులూ, సర్వేలే అయితే ఒక సంగతి తెలుస్తుంది. అన్నీ గైడ్ డేటా మీద చేసినవే అయితే ఇంకో సంగతి తెలుస్తుంది. గైడ్ ఎవరన్నది ర్యాంకింగ్ కంటే ఎక్కువ పట్టించుకోవాల్సిన విషయం. ఆయన దగ్గరో, ఆమె దగ్గరో ఇప్పుడు చదువుతున్నవాళ్లతో పది నిమిషాలు మాట్లాడితే బ్రోషర్ మొత్తం చెప్పనిది తెలుస్తుంది.

ఇక ఎవరికి ఏది? మైక్రోస్కోప్ దగ్గర ఓపిక ఉండి, పేర్లూ తేడాలూ గుర్తుండే బుర్ర ఉన్నవాళ్లు నేరుగా జీవశాస్త్రం వైపు ఎంటమాలజీకి వెళ్లండి. స్థిరమైన ఉద్యోగం త్వరగా కావాలంటే వ్యవసాయం వైపు. చట్టం, రాజకీయం, ఊళ్లో మనుషులు, జంతువులు అన్నీ కలిసిన చిక్కుముడి ఆసక్తిగా అనిపిస్తే వైల్డ్‌లైఫ్. మిగతా అందరికీ పైన చెప్పిన విశాలమైన డిగ్రీ.

కోరుకున్నది కాకుండా రెండోదే చేతికొస్తే కంగారుపడక్కర్లేదు. సంరక్షణ కోర్సులో ఉన్నవాళ్లు ఒక్క కీటక వర్గాన్ని పట్టుకుని సొంతంగా నేర్చుకోవచ్చు. మొదటిసారైతే తూనీగలు మంచివి. ప్రపంచం మొత్తం మీద ఆరు వేల పైచిలుకు జాతులే, ఎక్కువగా పగలే ఎగురుతాయి, చాలావాటిని చంపకుండా గుర్తుపట్టవచ్చు, నీళ్లు పాడైతే వాటిలో మార్పు త్వరగా కనిపిస్తుంది. పెంకు పురుగులతో మొదలుపెట్టవద్దు. పేర్లు పెట్టినవే సుమారు 4 లక్షలు, తలప్రాణం తోకకొస్తుంది. ఎంటమాలజీలో ఉన్నవాళ్లు ఎకాలజీ డిపార్ట్‌మెంట్‌లో పాపులేషన్ మోడలింగ్ (జీవుల సంఖ్య పెరగడం, తగ్గడం లెక్కకట్టే) పేపర్ ఒకటి ఐచ్ఛికంగా తీసుకోవచ్చు. దానికి ఏం కావాలో ముందుగా గైడ్‌ను అడగండి.